గురువు లేని రెండు శతాబ్దాలు

1865 మార్చి 17, శుక్రవారం. నాగసాకి ఓడరేవు మీదుగా కనిపించే కొండవాలులో కొత్తగా కట్టిన ఓవురా చర్చి దగ్గరికి ఉరకామి అనే పల్లె నుంచి పది పదిహేను మంది వచ్చారు. అది జపాన్‌లో ఉంటున్న విదేశీయుల కోసం కట్టిన గుడి. జపాన్ వాళ్లకు క్రైస్తవం అప్పటికింకా నిషిద్ధం, పట్టుబడితే ప్రాణాల మీదికొచ్చే నేరం. వచ్చినవాళ్లలో ఒక స్త్రీ ఫ్రెంచ్ గురువు బెర్నార్డ్ పెతిజాన్ పక్కకు చేరి, మీ మనసులో ఉన్నదే మా మనసుల్లోనూ ఉందని మెల్లగా చెప్పింది. మరియమాత స్వరూపం ఎక్కడుందని అడిగింది. శ్రీసభ చరిత్రలో ఎంతో పేరున్న ఈ కలయిక గురించి చాలామంది రాశారు. అయితే ఆనాటి సంభాషణలోనే ఇంకో మాట ఉంది, దాన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువ. మేమిప్పుడు దుఃఖకాలంలో ఉన్నాం, ఇవాళ పదిహేడో రోజు, మీరూ పాటిస్తున్నారా అని ఆ పల్లెవాళ్లు గురువును అడిగారు. లెక్క వేసి చూడండి. ఆ ఏడాది ఈస్టర్ ఏప్రిల్ 16న వచ్చింది. అంటే విభూతి బుధవారం మార్చి 1. తపస్కాలంలో మార్చి 17 సరిగ్గా పదిహేడో రోజు. జపాన్ గడ్డ మీద చివరి గురువు కొనిషి మాన్సియో వేదసాక్షిగా చనిపోయింది 1644లో. అప్పటి నుంచి 221 ఏళ్లపాటు పూజ లేదు, పీఠాధిపతి లేడు, అచ్చుపుస్తకం లేదు, రోము నుంచి ఒక్క ఉత్తరం లేదు. అయినా ఏటా తేదీ మారే ఒక పండుగను, అదీ చాంద్రమాన పంచాంగం వాడే దేశంలో, రైతు కుటుంబాలు ఒక్క రోజు కూడా తప్పకుండా పాటించాయి.

దీన్ని అద్భుతమని చెప్పి ఊరుకోవచ్చు. భక్తులు అలా చెప్పడంలో తప్పు లేదు. కానీ చరిత్ర చదివేవాడు ఇంకో ప్రశ్న కూడా వేయాలి: ఆ పల్లెలో తేదీ లెక్క కట్టే బాధ్యత ఎవరిది? దానికి జవాబు ఉంది. ఉరకామిలో ఆ పనికే ఒక మనిషి ఉండేవాడు. ఆ పనికొక పేరుండేది, అది తండ్రి నుంచి కొడుక్కి ఏడు తరాలు నడిచింది. విచారణ అనగానే మనకు గుడి, గంట, గురువు, ఆదివారం పూజ గుర్తుకొస్తాయి. మరియ భక్త సంఘాలు, విన్సెంట్ డి పాల్ సభ, పాటల బృందం, వీధి ప్రార్థన కూటాలు ఆ చెట్టుకు కొమ్మల్లాంటివని, ఉంటే నిండుగా ఉంటుందని, లేకపోయినా చెట్టు నిలబడుతుందని అనుకుంటాం. నాగసాకి చరిత్ర ఈ అంచనాను తలకిందులు చేస్తుంది. అక్కడ గుడి పోయింది, గంట పోయింది, గురువు పోయాడు. మిగిలింది ఇరుగుపొరుగు ఇళ్లవాళ్లు కలిసిన చిన్న గుంపులు, ఆ గుంపుల్లో కొందరికి అప్పగించిన పనులు. విశ్వాసాన్ని రెండు శతాబ్దాలు మోసింది అవే. అందులోనూ ఒక తేడా కనిపిస్తుంది. ఎవరో ఒకరికి అప్పగించిన పని నిలిచింది, ఎవరికీ అప్పగించని పని జారిపోయింది. ఈ వ్యాసం చెప్పదలచింది ఇదే.

నిషేధం వచ్చాక హడావుడిగా అల్లుకున్న ఏర్పాటు కాదిది. పునీత ఫ్రాన్సిస్ జేవియర్ 1549 ఆగస్టు 15న కగోషిమా తీరంలో దిగాడు. మన కతోలిక పల్లెల్లో శౌరయ్య, శౌరమ్మ అని పేర్లు పెట్టుకునేది ఆయన పేరు మీదే. ఆయనకు దారి చూపిన అంజిరో అనే జపాన్ మనిషి అంతకు ముందు ఏడాదే గోవాలో జ్ఞానస్నానం పొందాడు. మొదటి నుంచీ అక్కడ గురువులకు కరువే. 17వ శతాబ్దం మొదట్లో జపాన్‌లో క్రైస్తవులు సుమారు 3 లక్షల మంది ఉండేవారని అంచనా. అంతమందికి ఉన్న గురువులు చాలా కొద్దిమంది. అందుకే పనులు పంచారు. గురువుతోపాటే ఉంటూ వేదబోధ చేసే ఉపదేశులను దోజుకు అన్నారు. గురువు లేని ఊళ్లో ప్రార్థనాలయాన్ని చూసుకుంటూ ఆదివారం నలుగురినీ కూడగట్టేవాళ్లను కాన్‌బో అన్నారు. ప్రాణం మీదికొచ్చిన పసిబిడ్డకు జ్ఞానస్నానం ఇవ్వడం, చనిపోయినవాళ్లను గౌరవంగా పాతిపెట్టడం, పేదల మంచిచెడ్డలు చూడటం ఇంకొందరి వంతు. ఇవి కాక పోర్చుగల్ నుంచి గోవా మీదుగా వచ్చిన మిసెరికోర్దియా అనే కరుణ సంఘాలు ఉండేవి. వ్యాపారిగా వచ్చి, శస్త్రచికిత్స తెలిసిన జెస్విట్ సహోదరుడిగా మారిన లూయిస్ ద అల్మేదా 1557లో ఫునాయిలో ఆసుపత్రి పెట్టినప్పుడు దాన్ని నడిపించింది ఇలాంటి గృహస్థులే. 1583లో నాగసాకిలోనూ ఒక కరుణ సంఘం మొదలైంది. కుష్ఠురోగుల సేవ, విధవల పోషణ, అనాథ శవాల ఖననం దాని పనులు. జపాన్ సమాజంలో శవాన్ని తాకే పని అట్టడుగువాళ్లకు వదిలేశారని తెలిసినవాళ్లకు అర్థమవుతుంది, ఊరి పెద్దమనుషులు తమ భుజాల మీద పేదవాడి పాడె మోయడం అక్కడ ఎంత పెద్ద మాటో.

1614లో తొకుగావా ప్రభుత్వం గురువులందరినీ దేశం నుంచి వెళ్లగొట్టింది. 1637, 38లలో షిమబారా తిరుగుబాటు రక్తపాతంతో ముగిశాక పట్టు ఇంకా బిగిసింది. ప్రతి ఇల్లూ ఏదో ఒక బౌద్ధాలయంలో పేరు నమోదు చేయించుకోవాలి. ఏటా క్రీస్తు బొమ్మనో మరియమాత బొమ్మనో చెక్కిన పలకను అందరి ముందూ తొక్కాలి. ఊరూరా కూడళ్లలో బహుమానాల పలకలు వెలిశాయి. 1682 నాటి పలకలో ధరలు వివరంగా ఉన్నాయి: గురువును పట్టిస్తే 500 వెండి నాణేలు, సహోదరుణ్ణి పట్టిస్తే 300, దోజుకునో మామూలు విశ్వాసినో పట్టిస్తే 100. ప్రభుత్వానికి మనకంటే ముందే తెలిసిన సంగతి ఇది. గురువును ఒక్కణ్ణి తీసేస్తే చాలదు, ఉపదేశినీ తీసేయాలి. ఇంకో సంగతి కూడా వాళ్లకు తెలుసు. ఐదేసి ఇళ్లను ఒక గుంపుగా కట్టి, ఒక ఇంటి నేరానికి ఐదిళ్లూ జవాబు చెప్పాలని శాసించారు. మనిషిని లోతుగా పట్టుకోగలిగేది ఇరుగుపొరుగేనని ఏలినవాళ్లు గ్రహించి నిఘాకు ఆ కొలతనే ఎంచుకున్నారు. క్రైస్తవులు విశ్వాసం కాపాడుకోవడానికి ఎంచుకున్న కొలత కూడా అదే. కొన్ని పల్లెల్లో ఐదిళ్ల గుంపూ ప్రార్థన గుంపూ ఒకే మనుషులతో నిండి ఉండేవి. నిఘా పెట్టాల్సినవాళ్లే కాపలాదారులయ్యారు.

ఉరకామి ఏర్పాటును కాస్త దగ్గరగా చూడాలి. పల్లెంతటికీ ఒక్క చోకత ఉండేవాడు. పండుగల పట్టిక, ప్రార్థనల పాఠం ఆయన దగ్గర ఉండేవి. సొతొమే తీరంలో బస్తియన్ అనే ఉపదేశి వదిలివెళ్లిన పంచాంగం 1634 నాటి తేదీల మీద ఆధారపడింది. దాన్ని ఏటా తమ పంచాంగానికి సరిచూసుకుని, ఏ రోజు ఉపవాసం, ఏ రోజు పొలంలో పార పట్టకూడదు, ఏ రోజు సూది ముట్టకూడదు అని తేల్చడం చోకత పని. ఆయన కింద పల్లె నాలుగు భాగాలు, భాగానికొక మిజుకత. జ్ఞానస్నానం ఇచ్చేది ఆయనే. వాటి కింద ఒక్కో వాడకు ఒక్కో కికియాకు. చోకత తేల్చిన తేదీలను ఇంటింటికీ చేరవేయడం, ఎవరింట్లో బిడ్డ పుట్టిందో ఎవరు మంచాన పడ్డారో పైకి చెప్పడం ఆయన వంతు. ఇంతే. పెద్ద సిద్ధాంతాలు లేవు, సమావేశ మందిరం లేదు. కానీ ఏ ఇల్లయినా తన కికియాకు ఎవరో చెప్పగలదు, ఏ కికియాకు అయినా తన వాడలో ఎన్ని ఇళ్లో చెప్పగలడు. మాగొఎమోన్ అనే ఆయనతో మొదలైన చోకత పదవి ఏడో తరంలో కిచిజో వరకూ వచ్చింది. 1856 అరెస్టుల్లో కిచిజోను పట్టుకున్నారు, ఆయన చెరలోనే చనిపోయాడు. పెతిజాన్ ముందు ఆ స్త్రీ నిలబడటానికి తొమ్మిదేళ్ల ముందు సంగతిది. అంటే చోకతను కోల్పోయాక కూడా ఆ పల్లెకు తపస్కాలం పదిహేడో రోజు ఏదో తెలుసు. పని ఒక్కడి చేతిలో పెట్టినా, ఆ పని ఫలితం వాడవాడకూ చేరే దారి ఉంది కాబట్టే ఒక్కడు పోయినా లెక్క పోలేదు.

మిజుకత పని ఇంకా సున్నితమైంది. జ్ఞానస్నానం చెల్లాలంటే నీళ్లుండాలి, మాటలు సరిగ్గా ఉండాలి. ఆ మాటలు లాటిన్‌లో ఉన్నాయి. అర్థం తెలియకుండా చెవితో నేర్చుకుని నోటితో అప్పజెప్పాలి. ఒక తరం మిజుకత రెండో తరం మిజుకతకు పక్కన కూర్చోబెట్టుకుని నేర్పాలి. పాపసంకీర్తనం మాటేమిటి? అది గురువు లేకుండా జరగదు. దానికి కూడా ముందుచూపుతో ఒక దారి వేసి వెళ్లారు. 1603లో వచ్చిన ఒక చిన్న పుస్తకం, గురువు దొరకని వేళ దేవుని మీద ప్రేమతో నిండు మనసుతో పశ్చాత్తాపపడితే పాపక్షమాపణ దొరుకుతుందని, గురువు దొరికినప్పుడు తప్పక సంకీర్తనం చేసుకోవాలని నేర్పింది. ఆనాటి ఫునాయి పీఠాధిపతి లూయిస్ సెర్కెయిరా పేరుతో ప్రచారంలో ఉన్న ఆ పుస్తకాన్ని విశ్వాసులు చేత్తో నకలు రాసుకుంటూ దాచుకున్నారు. ఏటా పలకను తొక్కి ఇంటికొచ్చినవాళ్లు ఆ పశ్చాత్తాప ప్రార్థన చెప్పుకునేవాళ్లు. తొక్కారు కదా, ఇంకేం విశ్వాసం అని వాళ్లను తీసిపారేసేవాళ్లు ఆ ఇంటికి తిరిగొచ్చాక జరిగినదాన్ని కూడా చూడాలి. 1869లో పెతిజాన్ ఆ నకళ్ల ఆధారంగానే ఆ పుస్తకాన్ని మళ్లీ అచ్చు వేయించాడు.

ఇంతవరకు నిలిచినవాటి సంగతి. జారిపోయినవాటి సంగతి కూడా చెప్పకపోతే వాదన ఒంటికాలి మీద నడుస్తుంది. పెతిజాన్ కాలంలోనే బయటపడిన ఒక రాతప్రతి ఉంది, భూమ్యాకాశాల మొదలు గురించి. లోకసృష్టి నుంచి క్రీస్తు కథ వరకూ ఆ దాచుకున్న క్రైస్తవులు చెప్పుకున్న కథ అది. అందులో పొంతి పిలాతు ఒక్క మనిషి కాదు, ఇద్దరు. పేరు రెండు ముక్కలై ఇద్దరు అధికారులుగా మారిపోయింది. బౌద్ధుల మాటలు, స్థానిక గాథలు కథలో కలిసిపోయాయి. అదే ప్రాంతంలో, అదే జనంలో, తేదీ ఒక్క రోజు తప్పలేదు, కథ మాత్రం గుర్తుపట్టలేనంత మారింది. ఎందుకిలా? నాకు తోచిన కారణం ఇది. తేదీకి చోకత ఉన్నాడు. నీళ్లకు మిజుకత ఉన్నాడు. కబురుకు కికియాకు ఉన్నాడు. కథను విడమరిచి చెప్పే పని మాత్రం ఎవరిదీ కాదు. ఆ పని ఒకప్పుడు దోజుకుది. 100 వెండి నాణేల వెల కట్టి ప్రభుత్వం తుడిచేసింది ఆ పనినే, దాని స్థానంలో ఇంకొకరు రాలేదు. కథ అమ్మమ్మల నోట బతికింది. కానీ తప్పు దిద్దేవాళ్లు లేరు కాబట్టి మారుతూ పోయింది.

ఈ మాట ఇక్కడ ఆపితే ఒక గట్టి అభ్యంతరానికి జవాబు చెప్పనట్టే. చిన్న గుంపులకు వదిలేస్తే సిద్ధాంతం చెడుతుందని, ఎవరి మతం వాళ్లు తయారుచేసుకుంటారని శ్రీసభ పెద్దలు కొందరు ఎప్పుడూ భయపడుతూనే ఉన్నారు. దానికి సాక్ష్యం ఇకిత్సుకి దీవి. అక్కడ జ్ఞానస్నానం ఇచ్చే పెద్ద ఉండేవాడు, పూజ్యవస్తువులను దాచే ఇల్లుండేది, వాటి కింద చిన్న చిన్న కూటాలు ఉండేవి. ఏర్పాటు ఉరకామి కంటే పకడ్బందీగా ఉండేదనుకున్నా తప్పు లేదు. కానీ 1873లో నిషేధం తొలగాక అక్కడివాళ్లలో చాలామంది కతోలిక శ్రీసభలోకి తిరిగి రాలేదు. తాతముత్తాతలు ప్రాణాలొడ్డి కాపాడిన పద్ధతే తమ పద్ధతి అన్నారు. లాటిన్, పోర్చుగీసు మాటలు కలిసిన ప్రార్థనలను అర్థం తెలియకుండానే పాడుతూ వచ్చారు, ఇప్పటికీ కొద్దిమంది పాడుతున్నారు. కాబట్టి ఆ భయం ఉత్తది కాదు. గుంపు తనంతట తానే ఒక లోకమైపోగలదు. అయితే ఇకిత్సుకి చూపేది గుంపులు ప్రమాదమని కాదు, అర్థం చెప్పేవాడు లేని గుంపు ప్రమాదమని. ప్రార్థన శబ్దాన్ని కాపాడటానికి అక్కడ మనుషులున్నారు, శబ్దం నిలిచింది. అర్థానికి మనుషులు లేరు, అర్థం పోయింది. గుంపులను రద్దు చేస్తే దీనికి మందు దొరకదు. గుంపులో బోధకుడి పని కూడా ఉండాలి, ఆ బోధకుణ్ణి అప్పుడప్పుడు సరిచూసే పెద్ద శ్రీసభతో అతనికి సంబంధం ఉండాలి. ఉరకామిలో జరిగింది ఇలాగే. పెతిజానూ తోటి గురువులూ వచ్చాక మిజుకతల చేత జ్ఞానస్నానపు మాటలు చెప్పించుకుని విన్నారు. తేడా కనిపించిన చోట దిద్దారు, అవసరమైన చోట జ్ఞానస్నానం మళ్లీ ఇచ్చారు. రెండు వందల ఏళ్లు తామే నడిపించిన పెద్దలు ఆ దిద్దుబాటుకు తల వంచారు. వాళ్లలో పలువురు గురువులకు కుడిభుజంగా పనిచేశారు. అధికారం చేతిలో ఉన్నవాళ్లు దాన్ని అంత నెమ్మదిగా అప్పగించడం లోకంలో తరచూ చూసేది కాదు.

ఇంకో అభ్యంతరం: వేదహింస కాలంలో మనుషులు ఒకరినొకరు అంటిపెట్టుకుని ఉండటం సహజం, స్వేచ్ఛ వచ్చాక ఈ గుంపులకేం పని? దీనికి కూడా ఉరకామే జవాబు చెబుతుంది. గురువులు దొరికిన ధైర్యంతో 1867లో ఉరకామివాళ్లు బౌద్ధ అంత్యక్రియలు వద్దన్నారు. జూలైలో ఒక రాత్రి 68 మందిని పట్టుకుపోయారు. 1868 నుంచి పల్లెకు పల్లెనే, 3,300 మందికి పైగా, దేశం నలుమూలలకూ ప్రవాసం పంపారు. ఆకలికీ చలికీ హింసలకూ 600 మందికి పైగా చనిపోయారు. 1873లో నిషేధ పలకలు తీసేశాక మిగిలినవాళ్లు పాడుబడ్డ ఇళ్లకు తిరిగొచ్చారు. మరుసటి ఏడాదే ఆ ప్రాంతంలో రక్తవిరేచనాల జబ్బు చెలరేగింది. ప్రవాసం నుంచి తిరిగొచ్చిన ఇవనాగ మాకి అనే యువతి, ఆమె స్నేహితురాళ్లు కొందరు కలిసి మార్క్ దె రో అనే ఫ్రెంచ్ గురువు మందులిస్తుంటే ఇంటింటికీ తిరిగి రోగులకు సేవ చేశారు, తల్లిదండ్రులు పోయిన పసివాళ్లను తెచ్చి పెంచారు. ఆ కొద్దిమంది ఆడపిల్లల కూటమే తర్వాత అనాథాశ్రమమైంది, సన్యాసినుల సంఘమైంది. రోగి ఇంటి తలుపు తట్టే అలవాటు వాళ్లకు కొత్తగా నేర్పలేదు. ఎవరు మంచాన పడ్డారో తెలుసుకోవడం ఆ పల్లెలో తరతరాలుగా ఒకరి పని. సొతొమేలో 1879 నుంచి ఉన్న దె రో గురువు 1883లో చేతిపనుల కేంద్రం తెరిచి పేద స్త్రీలకు నేత, సేమ్యాల తయారీ నేర్పించినప్పుడూ ఇదే కనిపిస్తుంది. గురువు పని మొదలుపెట్టాడు, నడిపింది కూటాలే.

ఆ తర్వాతి శతాబ్దంలో పరీక్ష ఇంకా ఘోరమైంది. ఉరకామివాళ్లు 1880లో కొన్న స్థలం, ఒకప్పుడు ఏటా పలక తొక్కించిన ఊరి పెద్ద ఇల్లు. అక్కడే 1895 నుంచి 1914 దాకా ఇటుక ఇటుకా పేర్చి పెద్ద గుడి కట్టుకున్నారు. 1945 ఆగస్టు 9న అణుబాంబు దానికి అర కిలోమీటరు దూరంలో పేలింది. మరియమాత మోక్షారోపణ పండుగ దగ్గరపడుతోందని పాపసంకీర్తనాలు వింటున్న ఇద్దరు గురువులు, వాళ్ల చుట్టూ ఉన్న విశ్వాసులు గుడితోపాటే పోయారు. ఉరకామి విచారణలోని సుమారు 12,000 మంది కతోలికుల్లో దాదాపు 8,500 మంది చనిపోయారు. వాళ్లలో మొరియమా కుటుంబానికి చెందిన మిదొరి ఒకరు. ఆ కుటుంబం చోకతల వంశం. ఆమె భర్త, ఎక్స్‌రే వైద్యుడు నాగాయ్ తకాషి, చదువుకునే రోజుల్లో ఆ ఇంట్లోనే అద్దెకుండి 1934లో జ్ఞానస్నానం పొందాడు. విన్సెంట్ డి పాల్ సభలో చేరి పేదల పల్లెల్లో ఉచితంగా వైద్యం చేసేవాడు. బాంబు పడ్డాక తన గాయాలతోనే క్షతగాత్రులకు చికిత్స చేశాడు. ఆ డిసెంబర్ 24న విచారణ యువకులు శిథిలాల్లోంచి గంటను తవ్వి తీసి, దుంగల మీద వేలాడదీసి క్రిస్మస్‌కు మోగించారు. గుడి తిరిగి కట్టేదాకా ఎవరూ ఆగలేదు. గుడి లేని విచారణగా బతకడం వాళ్లకు తెలిసిన విద్యే.

జపాన్‌కు బయట ఈ విషయం శ్రీసభకు అర్థమవడానికి చాలా కాలం పట్టింది. 1833లో పారిస్‌లో ఫ్రెడరిక్ ఒజనామ్ అనే విద్యార్థి తోటివాళ్లతో కలిసి పేదల ఇళ్లకు వెళ్లే చిన్న కూటం మొదలుపెట్టాడు, అదే విన్సెంట్ డి పాల్ సభ. 1921లో డబ్లిన్‌లో ఫ్రాంక్ డఫ్ లీజియన్ ఆఫ్ మేరీ ప్రారంభించాడు. వీటి బలం ప్రార్థనలో ఎంత ఉందో, వారానికి ఒకరికి ఒక పని అప్పగించి మరుసటి వారం ఏం చేశావని అడగడంలోనూ అంత ఉంది. రెండవ వాటికన్ మహాసభ 1965 నవంబర్‌లో గృహస్థుల ప్రేషిత సేవ మీద ప్రత్యేక పత్రం వెలువరించింది. 1968లో మెదెయిన్‌లో లాటిన్ అమెరికా పీఠాధిపతులు, 1976లో తూర్పు ఆఫ్రికా పీఠాధిపతులు, 1990లో బాందుంగ్‌లో ఆసియా పీఠాధిపతులు చిన్న క్రైస్తవ సమాజాలను విచారణకు పునాదిగా చెప్పారు. ముంబయి అగ్రపీఠంలో 1980ల నుంచి వాటిని వీధివీధినా పెంచారు. మాట మంచిదే. కానీ చాలాచోట్ల ఈ కూటాలు నెలకోసారి ఒక ఇంట్లో చేరి, వాక్యం చదివి, టీ తాగి లేచే దగ్గర ఆగిపోతున్నాయి. ఇరవై మంది కూడితే సమాజం తయారైందని లెక్క రాసుకుంటున్నారు. ఉరకామి కొలత అది కాదు. కూడటం అక్కడ ప్రాణాంతకం కాబట్టి తక్కువే కూడారు. వాళ్లను కట్టి ఉంచింది ఎవరి పని వాళ్లకు తెలిసి ఉండటం.

తెలుగు నేల మీద దీనికి దగ్గరి సాక్ష్యాలున్నాయి. 18వ శతాబ్దం మొదట్లో ఫ్రెంచ్ జెస్విట్లు కర్ణాటక మిషన్ పేరుతో రాయలసీమ పల్లెల్లో పనిచేశారు. తెలుగు నిఘంటువు కూర్చిన, 1767లో సంస్కృతానికి గ్రీకు, లాటిన్‌లతో చుట్టరికాన్ని గమనించి పారిస్‌కు రాసిన కర్దూ వాళ్లలో ఒకడు. 1773లో జెస్విట్ సభ రద్దయింది. 1776లో పుదుచ్చేరి కేంద్రంగా ఆ బాధ్యత పారిస్ విదేశీ మిషన్ల సంఘానికి వచ్చింది, పెతిజాన్‌ను నాగసాకికి పంపింది కూడా ఆ సంఘమే. అంత పెద్ద ప్రాంతానికి గురువులు చాలలేదు. తర్వాతి కాలంలోనూ మన విచారణల తీరు ఇదే: ఒక గురువు, ఆయన కింద పది ఊళ్లు, కొన్నిచోట్ల ఇంకా ఎక్కువ. పూజ నెలకు ఒకటో రెండో సార్లు. మిగతా ఆదివారాలు గంట కొట్టేది, ప్రార్థన నడిపేది, పిల్లలకు జపాలు నేర్పేది, చావు కబురు వస్తే ముందు పరుగెత్తేది ఉపదేశి. చదువు కొద్దిగా, జీతం ఇంకా కొద్దిగా. విచారణల శతాబ్ది సంచికల్లో గురువుల ఫొటోలు వరుసగా ఉంటాయి, ఉపదేశుల పేర్లు కూడా దొరకవు. మన పల్లెల కతోలిక చరిత్ర నిజాయితీగా రాస్తే సగం పుటలు వాళ్లవే కావాలి.

ఇక్కడ మన నేలకే ప్రత్యేకమైన ఒక అభ్యంతరం ఎదురవుతుంది, అన్నిటికంటే అదే నన్ను ఎక్కువగా ఇబ్బంది పెడుతుంది. నాగసాకి గుంపు ఇరుగుపొరుగు మీద నిలిచింది. మన ఊళ్లో ఇరుగుపొరుగు అంటే కులం. ఒక వీధి ఒక కులానిది, ఒక పేట ఇంకో కులానిది. వీధి లెక్కన కూటం కడితే అది కుల కూటమే అవుతుంది, శ్రీసభ బయట ఉన్న గోడకు లోపల ప్రార్థన అనే సున్నం కొట్టినట్టవుతుంది. తెలుగు కతోలికుల్లో అధిక భాగం దళితులు. అలాంటి నేలలో తొలి తెలుగు కార్డినల్, దేశంలోనే తొలి దళిత కార్డినల్ హైదరాబాద్ అగ్రపీఠాధిపతి పూల ఆంథోనీ రావడానికి 2022 దాకా ఆగాల్సి వచ్చింది. ఈ గోడ ఎంత పాతదో చెప్పడానికి ఆ ఒక్క ఏడాది చాలు. చిన్న కూటాలు దీన్ని కూల్చవు, జాగ్రత్తపడకపోతే ఇంకా గట్టిపరుస్తాయి. ఉరకామి నుంచి తీసుకోగలిగిన మెలకువ ఒక్కటుంది. అక్కడ వాడ ఎప్పుడూ ఒంటరిగా లేదు. వాడవాడకూ కికియాకు ఉన్నా, నాలుగు భాగాలకూ తేదీ చెప్పేది ఒక్కడే. తన వాడలో మాత్రమే చెల్లే పండుగ ఎవరికీ లేదు. మన దగ్గర కూడా కూటాలు వీధి వారీగా ఉన్నా పనులు వీధులు దాటాలి. పెద్ద వీధిలో రోగి ఉంటే మాలపల్లె నుంచి సత్ప్రసాదం తీసుకెళ్లే మనిషి వెళ్లాలి. మాదిగపల్లెలో చావు జరిగితే పెద్ద వీధి కూటం పాడె మోయాలి. విన్సెంట్ డి పాల్ సభ లెక్కల పుస్తకం ఒకే ఇంటి బీరువాలో తరాలపాటు ఉండకూడదు. దీన్ని శాసించగలిగినవాడు విచారణ గురువు. గురువు పాత్రను చిన్న గుంపులు తగ్గిస్తాయన్న మాటకు జవాబు కూడా ఇందులోనే ఉంది. వీధులు దాటించే పని గురువు తప్ప ఇంకెవరూ చేయలేరు.

జగద్గురువులు ఫ్రాన్సిస్ 2014 జనవరిలో జ్ఞానస్నానం మీద ప్రసంగిస్తూ గురువులు లేకుండా నిలిచిన ఈ జపాన్ క్రైస్తవులను ఆదర్శంగా చూపారు. 2019 నవంబర్‌లో నాగసాకి వెళ్లారు. 2021 జనవరిలో చదువరి, పీఠ సేవకుల పరిచర్యలను స్త్రీలకూ తెరిచారు. అదే ఏడాది మే 10న ఉపదేశిని శ్రీసభ అధికారికంగా నియమించే పరిచర్యగా స్థాపించారు. ఆ నియామకం పీఠాధిపతి చేతుల మీదుగా జరగాలి, దానికి తగిన శిక్షణ ఉండాలి. ఉరకామిలో ప్రభుత్వం వెల కట్టి తుడిచేసిన బోధకుడి పని అది. దానికి ఇప్పుడు పేరుంది, స్థానం ఉంది. తెలుగు మేత్రాసనాల్లో ఎన్నో ఏళ్లుగా ఆ పని చేస్తున్న స్త్రీపురుషులను ముందుగా ఆ నియామకానికి పిలవాలి. వాళ్లకు వాక్యం అర్థం చెప్పే చదువు ఇవ్వాలి, బతకడానికి చాలినంత జీతం ఇవ్వాలి. పల్లె పేరు, కులం చూడకుండా ఏ వీధికైనా పంపాలి.